కంపెనీకి చేతులున్నయా?

దోహాలో ఏ కట్టడాన్నైనా ఫలానా కంపెనీ కట్టిందని ముత్యం ముందు ఎవరైనా అంటే చాలు, వాళ్ళ పని అయిపోయినట్టే! ఈ జగిత్యాల డ్రైవరు కూలీల క్యాంప్ బస్సును పక్కకు తీసి ఆపేసేవాడు. "కంపెనీకి చేతులున్నయా? ఎవడు కట్టిండో చెప్త, ఇను!" అని వెనక్కి తిరిగేవాడు. డ్యూటీకి ఆలస్యమైనా సరే, చరిత్ర పూర్తయ్యేదాకా బస్సు కదిలేది కాదు.

ఆ చరిత్రలో కథానాయకుడు మాత్రం ఒక్కడే. స్టేడియం పైకప్పు తిరుమల్ బిగించాడు. మెట్రో సొరంగం తిరుమల్ తవ్వాడు. అల్ రువైస్ రేవులో సముద్రాన్ని కూడా తిరుమలే నింపి ఉంటాడని తెలుగు సంఘం కార్యదర్శి, భీమవరం రెజీనాకు అనుమానం.

"ఆ తిరుమల్ అనే మనిషి అసలున్నాడా అండీ?" అని ఓసారి బస్సులో అడిగేసింది.

"ఉన్నడా అంటవేంది మేడం! గా పైకప్పు ఉన్నదా, లేదా?" అని ముత్యం ఇంతెత్తున లేచాడు.

అయినా ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఊరంతా తవ్విపోస్తున్న ఆ రోజుల్లో, శుక్రవారం సెలవు వస్తే జనం పిల్లాజెల్లాతో ఆ బస్సెక్కి మరీ వినేవారు. చరిత్ర పండితులు కాకపోయినా చరిత్రను జనంలోకి తెచ్చినవారికి సంఘం ఏటా సన్మానం చేస్తుంది. ఆ ఏడు సన్మానానికి రెజీనా ముత్యం పేరు ప్రతిపాదించింది. అధ్యక్షుడు సుధాకరరావు మండిపడ్డాడు.

"ముందు వరసలో మనకు చందాలిచ్చే కాంట్రాక్టర్లు కూర్చుంటారు, రెజీనా గారూ. వేదిక మీద ఆ తిరుమల్ పేరు వినబడిందో, మీరు రాజీనామా చెయ్యాల్సిందే!"

సన్మానం రోజు అల్ సద్ హాల్లో ముత్యం ఫోను ఎత్తి పట్టుకుని వేదికెక్కాడు. వీడియో కాల్! రెజీనాకు ఒళ్ళు మండింది. ఇంత పోట్లాడి సన్మానం ఇప్పిస్తే, వేదిక మీద సొంత కబుర్లా? పైగా సుధాకరరావు శాలువా విప్పగానే ముత్యం ఆయన చెయ్యి పట్టి ఆపేశాడు.

"నాకు గాదు సారూ, తిరుమల్‌కు కప్పుండ్రి. గా పైకప్పు మీదికెల్లి పడి కాలు ఇరిగితే ఇంటికి తోలిండ్రు. మా ఊరోళ్ళకు గల్ఫంత దుబాయే, దుబాయ్ పోయి ఏం జేసినవ్‌రా అని ఊర్లె నవ్వుతున్నరు! ఏం జేసిండో మీరే చెప్పుండ్రి. ఊరోళ్ళంత ఫోన్ ముంగటనే కూసున్నరు."

ఫోను తెర మీద చంకలో కర్రతో ఒక బక్కమనిషి, వెనక గుంపుగా జనం. రెజీనా కోపం చప్పున దిశ మార్చుకుంది. మైకు లాక్కుంది.

"ఆ స్టేడియం కట్టింది కంపెనీ కాదండీ, తిరుమల్ గారు! రాజీనామా రేపు పంపిస్తాను. ముందు శాలువా కప్పండి సార్!"

హాలు చప్పట్లతో హోరెత్తింది. సుధాకరరావు ఏం చెయ్యాలో తోచక, శాలువా తీసుకెళ్ళి ఫోనుకే చుట్టేశాడు.

లోపలినుంచి తిరుమల్ గొంతు వినిపించింది.

"అన్నా, చీకటైంది! ఏం కనబడ్తలేదు!"