సీతాకోకచిలుక కూర్చున్న ఆకు

ఆ రోజుల్లో మా అమ్రాబాదు గుట్టల దగ్గర ఫొటో అంటే దొరల గోడలకు వేలాడే వస్తువు. మాలాంటి వాళ్ల ముఖాలు అద్దంలో కనిపించి అద్దంలోనే మాయమయ్యేవి. (మా అద్దం పగిలిపోయి, ఒకసారికి ఒక కన్నే చూపించేది.) అందుకే మా ఊరి దవాఖానలో పనిచేసే నర్సక్క తన తమ్ముడి డబ్బా కెమెరా తెచ్చిందని తెలియగానే ఆమెకు నేను చేసిన సేవలు ఇన్నీ అన్నీ కావు. నాకప్పుడు పదహారేళ్లు. ఎనిమిది రోజుల్లో పెళ్లి. అత్తగారి ఊరు బండి మీద రెండు రోజుల దారి. నేను వెళ్లిపోయాక అమ్మ చూసుకోవడానికి నా ఫొటో ఒక్కటి ఉండాలని నా ఆశ.

నర్సక్కకేమో అడవిలో సీతాకోకచిలుక ఫొటో కావాలి. అది నీవల్ల కాదని తమ్ముడు ఎగతాళి చేశాడట. రీలులో రెండే మిగిలాయి. "ఒకటి దానికి, ఒకటి నీకు. ముందుగాల దాన్ని చూపెట్టు," అంది. ఎండ ముదరకముందే నర్సక్క, నేను, నా స్నేహితురాలు బక్కి (పేరుకు తగ్గ మనిషే) అడవిలోకి నడిచాం. "గీ అడివి నాకు తెల్వందా అక్కా!" అంటూ, అడవంతా మా నాయిన నా పేర రాసిచ్చినట్టు ముందు నడిచాను.

వాగు ఒడ్డున తునికి చెట్టు మీద దొరికింది. పసుపు రెక్కలు, నల్ల అంచు. నర్సక్క మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా పొట్టకానించి, "ఎవ్వరు కదలకుండ్రి," అంది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. అప్పుడు కనిపించింది, దాని కింద ఉన్న ఆకు. లేతా కాదు, ముదురూ కాదు. బొక్క లేదు, మచ్చ లేదు. బీడీలకు అంత మంచి ఆకు ఆ ఎండాకాలమంతా నాకు దొరకలేదు. రోజూ తెల్లవారకముందే తునికాకు తెంపే చెయ్యి నన్ను అడగలేదు. పుటుక్కున తెంపేసింది. అదే క్షణాన కెమెరా టక్కుమంది. సీతాకోకచిలుక వాగు దాటిపోయింది.

"ఏం జేసినవే?"

"ఆకు... మంచిగుండె అక్కా."

బక్కి కడుపు పట్టుకుని నేల మీద కూలబడింది. "రేపు పుస్తె కట్టేటప్పుడు పందిట్ల ఆకులు గుడ తెంపుతవేమోనే!"

నర్సక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇగ ఒక్కటే ఉన్నది. నీదా, దానిదా? నువ్వే చెప్పు," అంది. "దానిదే తియ్యి. నా మొకం యాడికి పోతది," అన్నాను, పెద్ద త్యాగమూర్తిలా. బక్కి మాత్రం నా త్యాగాన్ని నమ్మలేదు. నా చేతులు రెండూ వెనక్కి విరిచి కొంగుతో కట్టింది. తడి ఇసుక మీద వాలిన ఇంకో సీతాకోకచిలుక ఫొటో అలా తీశాం.

చెడిపోయిన ఫొటోను నేను కాపురానికి వెళ్లాక నర్సక్క మా అమ్మకు ఇచ్చిందట. మొదటి కాన్పుకు వచ్చినప్పుడు చూశాను. మసకమసకగా ఓ కొమ్మ, ఓ చెయ్యి. పక్కింటామె, "గిది నీ బిడ్డని ఎట్ల తెలుస్తదే?" అని అడిగితే అమ్మ ఎంత తేలిగ్గా అందో: "ఆకు తెంపే తీరు చూస్తె తెల్వదా?"

ఇప్పుడు మనవరాలు ఫోను పట్టుకుని నవ్వమంటే నా ముఖాన్ని ఏం చేయాలో తోచదు. చెయ్యి మాత్రం దానంతటదే లేస్తుంది. "చెయ్యి దించు అవ్వా, నువ్వు కనబడ్తలేవు!" అని విసుక్కుంటుంది. దించుతాను. మా అమ్మయితే ఆ మాట అనేది కాదు.