జల్లెడ వంతు

మామ పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం, సౌదీలో, ఖమీస్ ముషైత్‌లో మా గది బయట బట్టలు ఆరేసుకుంటున్నాను. "పొద్దున నాయన పోయినాడన్నా. సాయంత్రం అసర్ నమాజు అయినంక మట్టి చేస్తాండాం," అన్నాడు. నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. పెట్టేసే ముందు అతను అడిగాడు: "డాక్టరు సీసం అంటాండాడు. గిన్నెలు తోమే హోటల్లో సీసం యాడిదన్నా?"

మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. రాయచోటి పక్క పల్లె మనిషి. నాకు చుట్టరికం ఏమీ లేదు. వర్క్‌షాపులో అందరికంటే పెద్దవాడు గనుక అందరం మామ అనేవాళ్ళం. తుపాకీ సాధన చేసే మైదానం నుంచి పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలు సంచులకొద్దీ మా దగ్గరికి వస్తాయి. పక్కనున్న పాకిస్తానీల నోట విని మేమూ వాటిని ఖోకాలు అంటాం. మసి పట్టిన ఖోకాలను డ్రమ్ముల్లో తిప్పి, మెరుగు పెట్టి, మళ్ళీ మందు నింపే చోటికి పంపడం మా పని. ఇంట్లో మాత్రం మామ హోటల్లో గిన్నెలు తోముతున్నానని చెప్పాడు. "తూటాలంటే మీ అత్తకు కూడు దిగదురా. అదీ తోమేదే, ఇదీ తోమేదే," అనేవాడు.

నేను చేరినప్పుడు ఉన్నవి పొడి డ్రమ్ములు. మొక్కజొన్న కండెల పొడిలో ఖోకాలు వేసి గంటల తరబడి తిప్పేవాళ్ళం. తిప్పడంలో కష్టమేమీ లేదు. తర్వాత అదంతా జల్లెడ పట్టి ఖోకాలను వేరు చేయాలి. అప్పుడు లేచే బూడిదరంగు దుమ్ములో పేలిన మందు తాలూకు సీసం ఉంటుంది. అందుకే జల్లెడకు వంతులు పెట్టుకున్నాం. మంగళవారం నాది.

పెళ్ళి చేసుకుని సెలవు నుంచి తిరిగొచ్చిన మొదటి మంగళవారం, నేను ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంటే మామ వచ్చి జల్లెడ లాక్కున్నాడు.

"నీకు ముందు పనిచేసినోనికి ముగ్గురు బిడ్డలు కడుపులోనే పోయినారంట. నీకింకా బిడ్డలు పుట్టాల. నాకు ఉండేటోళ్ళు ఉండారు. పో, పోయి సంచులు దించుపో."

నేను పోయి సంచులు దించాను. వద్దు మామా అని ఒక్క మాట అన్నానేమో, గట్టిగా మాత్రం అనలేదు. ఆ మంగళవారమే కాదు, తర్వాత రెండేళ్ళ మంగళవారాలు కూడా ఆయనవే అయ్యాయి. మా ఆవిడ నెల తప్పిందని చెప్పిన రోజు ఆయన ఆ దుమ్ములోనే నిలబడి, "సూస్తివా, నేను సెప్పలే?" అని దగ్గుతూ నవ్వాడు.

దుమ్ముకు ఆయన దగ్గరున్న మందు బెల్లం. సున్నం బట్టీల్లో పనిచేసే మావాళ్ళంతా నమ్మే మాటే ఇది: బెల్లం తింటే రొమ్ములోని దుమ్మును కిందికి ఈడ్చేస్తుందని. జల్లెడ దించగానే రేకు డబ్బా తెరిచి, ఆ చేత్తోనే ఒక ముక్క విరిచి బుగ్గన పెట్టుకునేవాడు. ఆ బెల్లం నేనే తెచ్చేవాణ్ణి. నా వంతు ఆయన మోస్తున్నాడు కదా, నేను ఇంకేం చేయగలనని, సెలవుకు పోయినప్పుడల్లా మంచి బెల్లం ఏరి మరీ తెచ్చాను. నేను పోనప్పుడు ఎవరు పోతే వాళ్ళతో తెప్పించాను.

తర్వాత మేము ముదీర్ అని పిలిచే మేనేజరు తడి డ్రమ్ములు, గోరంత పింగాణీ ముక్కలు తెప్పించాడు. మా మీద దయతో కాదు, కండెల పొడి ఊరికే పాడైపోతోందని. నీళ్ళు, కాస్త సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు వేసి పింగాణీతో కలిపి తిప్పితే దుమ్ము లేవదు. మామకు ఆ డ్రమ్ములంటే ప్రాణం. ఒక్కో ఖోకాను చెవి దగ్గర ఊపి, లోపల పింగాణీ ముక్క ఇరుక్కుందేమో వినేవాడు. మొదటి నీళ్ళు నల్లగా దిగుతుంటే మమ్మల్ని పిలిచి చూపేవాడు. "నల్లగా రానీరా. నీళ్ళలోకి పోయిందంటే మన లోపలికి పోలేదని."

ఆ మాట అనేనాటికే ఆయన కుడి మణికట్టు వాలిపోవడం మొదలైంది. చాయ్ గ్లాసు ఎత్తితే చెయ్యి తనంతట తానే కిందికి వంగేది. కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడు. ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. రక్తం రిపోర్టు చూసి, ఏలూరు వైపు నుంచి వచ్చిన నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి తెలుగులో చెప్పింది. సీసం ఎముకల దాకా పోయింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. బెల్లం సంగతి విని ఆమె అడిగింది:

"చేతులు కడుక్కోకుండానే తినేవారా బాబాయ్ గారూ? ముక్కుతో పీల్చిందానికంటే అలా మింగిందే ఎక్కువై ఉంటుందండీ."

బయటికొచ్చాక మామ నా భుజం మీద చెయ్యేశాడు. "తూటా కాదురా, నీ బెల్లం తగిలింది నాకు," అని నవ్వాడు. తర్వాత ఆయన ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా పని మానుకుని, ఊరికి వెళ్ళిపోయాడు.

మట్టి అయిన మర్నాడు ఆయన కొడుక్కు ఫోన్ చేశాను. మీ నాయన గిన్నెలు తోమలేదు అని మొదలుపెట్టి, ఖోకాలు, జల్లెడ, మంగళవారాలు, బెల్లం, ఏదీ దాచకుండా చెప్పాను. ఆ వంతు నాది అని కూడా చెప్పాను. తిడతాడని కాచుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అతను అడిగాడు: "మీ పాప బాగుండాదా అన్నా?"

"బాగుంది," అన్నాను. "బళ్ళో వేశాం."

"నాయన ఆ పాప గురించి శానా సార్లు అడిగేటోడు," అన్నాడు.

ఆ రోజు డ్రమ్ము బిరడా తీస్తే మొదటి నీళ్ళు ఎప్పటిలాగే నల్లగా దిగాయి. ఆ రెండేళ్ళూ ఈ నీళ్ళు లేవు. నీళ్ళుండాల్సిన చోట మామ ఉన్నాడు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, గూట్లో ఆయన వదిలిపోయిన రేకు డబ్బా తెరిచాను. అడుగున ఒక బెల్లం ముక్క మిగిలి ఉంది, దాని మీద ఆయన నాలుగు వేళ్ళ గుర్తులు, బూడిదరంగులో.