మోకు పట్టేవాడు

ఎనభైల్లో ఒక వేసవి. కువైట్ సిటీకి వెళ్లే బస్సులో నేనూ, మా ఆఫీసు టైపిస్టూ ఇంగ్లీషు పేపరు చెరో అంచూ పట్టుకుని వాదించుకుంటున్నాం. అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డాయన ఉపాధ్యక్షుడిగా ఎవర్ని తెచ్చుకుంటాడా అని. దక్షిణాదివాడైతే ఓట్లు రాలతాయని నేను, ఆడమనిషిని పెడితే ఊపొస్తుందని అతను.

ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి, ఎవరి సంగతని అడిగాడు. మాటలో కడప యాస. చెప్పాను.

"ఓట్లు తెచ్చేవాడు ఎందుకు సార్? మేం ఊరి బయట కబ్ద్ అనేచోట తోటల్లో బాయిల పూడిక తీస్తాం. దిగే ముందు నేను ఒగటే చూస్తా, పైన మోకు ఎవురు పట్టుకుంటాండారని."

తన పక్కన కునుకుతున్న మనిషి చేతిని పట్టి ఎత్తి, అతని వేళ్లు విప్పి మాకు చూపించాడు. అరచేతికి అడ్డంగా తాడు కోసిన మచ్చ.

"నేను జారిన దినం ఈడు వదల్లేదు. ఇప్పుడు చెయ్యి సరిగా ముడుచుకోదని కఫీల్, మమ్మల్ని పనికి తెచ్చుకున్న సేటు, ఈన్ని ఇంటికి పంపుతాడంట, నాకు ఇంకొకన్ని ఇస్తాడంట."

"మరి ఆ చేత్తో మోకు ఎలా పట్టుకుంటాడండీ?" అన్నాను.

"నడుముకు చుట్టుకుంటాడు. ఈడు పట్టకుంటే నేను దిగను. పంపితే ఇద్దర్నీ పంపమని కఫీల్‌కు చెప్పను పోతాండాం. ఖలాస్."

సిటీలో బస్సు దిగి, ఇద్దరూ వెనక్కి చూడకుండా నడిచిపోయారు.

ఆ ఏడు ఎవరి పేరు ప్రకటించారో నాకు గుర్తు లేదు. ఇప్పటికీ ఎన్నికలొచ్చి, రెండో మనిషి ఎవరని జనం వాదించుకుంటుంటే నేను నా అరచేతులు చూసుకుంటాను. రెండూ నున్నగానే ఉన్నాయి.