ఫరీదాబాద్‌కు పంపిన లెక్కల పాఠాలు

మా కింది ఫ్లాట్‌లో ఉండే అమ్మాయికి పదో తరగతిలో లెక్కలు ఒక్కటే మిగిలిపోయాయి. తొమ్మిదో తరగతిలో ఉండగా పెళ్ళయి, భర్త వెంట కరీంనగర్ నుంచి ఇంత దూరం వచ్చింది. ఇక్కడ ఘాజియాబాద్ వైశాలిలో కాపురం చేస్తూనే ఓపెన్ స్కూల్లో చేరి, సబ్జెక్టులన్నీ ఒక్కొక్కటిగా గట్టెక్కించింది. లెక్కల్లో మాత్రం రెండుసార్లు తప్పింది. ఆ ఏడు అక్టోబరుతో ఆమె రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. ఈసారి కూడా తప్పితే పాసైన సబ్జెక్టులు కూడా పోతాయి. మళ్ళీ మొదటి నుంచి చదవాలి. రెండోసారి మొదలుపెట్టనిచ్చే ఇల్లు కాదు అది.

ఆదివారం తరగతులకు వెళ్ళేది కానీ అవి హిందీలో జరిగేవి. ఆమె రాసేది తెలుగులో. అక్కడి మాస్టారు మంచివాడే. ఉన్న పిల్లలందరికీ అర్థమయ్యే భాషలో చెప్పక ఈమె ఒక్కదాని కోసం ఆయన మాత్రం ఏం చేస్తాడు? అందుకని మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేది. చాప మీద ఎదురెదురుగా కూర్చుని లెక్కలు చేసుకునేవాళ్ళం.

హోలీ వెళ్ళాక ఆమె భర్తకు పని మారింది. అతను మెట్రో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. అంతదాకా మా వైపు పనుల్లో ఉండేవాడు, బదర్‌పూర్ వైపు పంపారు. అత్తమామలతో సహా ఫరీదాబాద్‌కు ఇల్లు మార్చేశారు. ఆనంద్ విహార్ వెళ్ళి, అక్కడ బస్సెక్కి, బదర్‌పూర్ బార్డర్‌లో దిగి మళ్ళీ ఆటో ఎక్కితే గాని వాళ్ళిల్లు రాదు. వెళ్ళి రావడానికే పూట గడిచిపోతుంది. సామాను ఎక్కించిన రోజు ఆమె ఏడవలేదు. టెంపో పక్కన నిలబడి, "అక్కా, ఇగ లెక్కలు పోయినట్టే" అంది అంతే.

ఈ మాట మా బావగారి కూతురితో అన్నాను. ఆ పిల్ల ఎంటెక్ చదువుతూ కాలేజీ దగ్గర జియా సరాయ్‌లో గది తీసుకుని ఉండేది. ఇంటి వంట కోసం నెలకో రెండుసార్లు మా ఇంటికి వచ్చేది. వాళ్ళ ప్రొఫెసరు గారు ఇంటర్‌నెట్‌లో పాఠాలు ఎలా పెట్టాలన్న దాని మీదే పని చేస్తున్నాడట. పప్పన్నం కలుపుకుంటూనే, "ఆన్‌లైన్ కోర్సు చేద్దాం పిన్నీ. నువ్వు చెప్పు, నేను పెడతాను" అంది. ఆ మాట నేను వినడం అదే మొదలు. నాకు డిగ్రీ ఉంది గాని అది ప్రైవేటుగా కట్టింది. బడి మెట్లు ఎక్కినదాన్ని కాను. నేను కోర్సు తయారు చేయడమేమిటని నవ్వాను. "నవ్వకు. ముందు నెట్‌లో ఏమేం ఉన్నాయో వెతుకుదాం" అంది.

వెతికాం. మా కంప్యూటరులో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనబడేవి, ఆ పిల్ల ఫాంటు వేసిపెట్టింది. తెలుగులో లెక్కల పాఠాలని వెతికితే సినిమా కబుర్లు, రాశిఫలాలు వచ్చాయి. పాఠ్యపుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి పెట్టారు గాని పేజీలన్నీ అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఇంగ్లీషులో మాత్రం సముద్రమంత ఉంది. భిన్నాలు చెప్పాలంటే పిజ్జాని కోస్తారు, వేగం చెప్పాలంటే మైళ్ళలో చెప్తారు. ఒకచోట త్రిభుజం మూడు మూలలూ మడుచుకుని వచ్చి ఒక సరళరేఖ మీద పక్కపక్కన కూర్చునే బొమ్మ ఉంది. మూడు కోణాలు కలిపితే ఎంతో చిన్నప్పుడే కంఠతా పట్టాను గాని కళ్ళతో చూసింది ఆ రోజే. ఏ దేశం మనిషో, ముక్కూ మొహం తెలియదు. పైసా అడగకుండా ఎవరికైనా పనికొస్తుందని అక్కడ పెట్టి వెళ్ళాడు. ఆయన చల్లగా ఉండాలని మనసులో అనుకున్నాను.

మొదటి పాఠం ఆ పిల్లే తయారు చేసింది. రంగురంగుల స్లైడ్లు. ఈ పాఠం వల్ల మీరు నేర్చుకునేవి అని మొదట ఒక పట్టీ, చివర ప్రశ్నలు, సరైన జవాబు నొక్కితే చప్పట్లు. వెనకాల నా గొంతు. ఖర్చు లేకుండా పెట్టుకునే పేజీ ఒకటి తెరిచి అందులో ఎక్కించింది. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. వారం గడిచినా ఫరీదాబాద్ నుంచి కబురు లేదు. నేనే ఫోన్ చేశాను.

"మంచిగున్నదక్కా" అంది. ఎంతవరకు చూశావని అడిగాను. "కంప్యూటర్ మామ రూంల ఉన్నది. ఆయన పండుకుంటడు. అయినా కూసుండి చూసే టైం నాకేడిది?"

మేం ఆ సంగతే ఆలోచించలేదు. ఇంత శ్రమపడి కూర్చునే మనిషి కోసం పాఠం తయారు చేశాం. ఆమెకు కూర్చునే వేళే లేదు. మా ఇంట్లో చాప మీద కూర్చున్న ఆ మధ్యాహ్నాలు ఆమె అత్తగారికి ఏం చెప్పి తెచ్చుకున్నవో అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఆమెకు పాటలు వినే ఫోన్ ఒకటి ఉండేది. పేజీలోంచి పాఠం దించి, మెమరీ కార్డులో ఎక్కించి ఇవ్వడానికి భర్త ఒప్పుకున్నాడు. అందుకని స్లైడ్లు మానేసి ఒట్టి గొంతుతో చెప్పడం మొదలుపెట్టాను. అది నాకు తెలిసిన విద్యే. ఏడో ఏట నాకు గుండె జబ్బు అన్నారు. బడికి పంపొద్దన్నారు. మా నాన్నగారు ఆయుర్వేద మందులు తయారు చేసేవారు. కల్వంలో మందు నూరుతూనే నాకు పాఠాలు చెప్పారు. పలకా లేదు, బోర్డూ లేదు, అంతా నోటితోనే. ఒక ప్రశ్న వేసి మళ్ళీ నూరడంలో పడిపోయేవారు. నేను జవాబు చెప్పేదాకా ఆ నూరే చప్పుడు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. తప్పు చెబితే తప్పనేవారు కాదు, అదే ప్రశ్న ఇంకో వైపు నుంచి అడిగేవారు. ఆ జబ్బు రాకపోతే అలాంటి గురువు నాకు దొరికేవాడా అని ఇప్పటికీ అనుకుంటాను.

పొద్దున దీపం పెట్టుకున్నాక, కరెంటు పోకముందే రికార్డు చేసేదాన్ని. ఫాను తిరిగితే హోరు వినిపిస్తుందని ఆపేయాల్సి వచ్చేది. ఘాజియాబాద్ వేసవిలో ఫాను లేకుండా వర్గసమీకరణాలు చెప్పడమంటే ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. చెంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పేదాన్ని. మా బావగారి కూతురు వచ్చినప్పుడు వాటిని శుభ్రం చేసి, చిన్నవి చేసి, పేజీలో పెట్టేది.

రెండు వారాలు పోయాక ఫరీదాబాద్ నుంచి ఫోను.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు గిట్ల ఎప్పుడు చెప్పలే. ప్రశ్న నువ్వే అడుగుతున్నవ్, జవాబు నువ్వే చెప్తున్నవ్. నన్ను చెప్పనిస్తలేవు."

నేను చెప్పనిచ్చాను కదా, ప్రతి ప్రశ్న తర్వాతా ఆగాను కదా అని ఆశ్చర్యపోయాను. పాఠం పెట్టి విన్నాను. ఎక్కడా ఒక్క క్షణం ఖాళీ లేదు. రైలు పోతున్నట్టు పోతోంది నా గొంతు. మా పిల్లని అడిగితే, "నువ్వు మధ్య మధ్య ఆగిపోతున్నావు పిన్నీ. మర్చిపోయి తడుముకుంటున్నావనుకున్నాను. పోనీలే పరువు దక్కిద్దామని అవన్నీ కత్తిరించా" అంది.

"తడుముకోవడం కాదే. అది ఆమె వంతు."

ఆ పిల్ల, "అచ్ఛా. మా సార్‌కి ఈ మాట చెప్పాలి" అని కంప్యూటర్ ముందు కూర్చుంది. కత్తిరించినవన్నీ ఆ రోజే తిరిగి పెట్టింది. నేను మరచిపోయిన ఒకటి రెండు చోట్ల ఖాళీ తనే చేర్చింది కూడా. ఆ ఖాళీల్లో మా వీధి కూరగాయల భయ్యా కేక, పక్కింటి కుక్కరు విజిలు వినబడుతుంటే అవి తీసేయనా అని అడిగింది. ఉండనీ అన్నాను. తర్వాత ఎప్పుడో ఫరీదాబాద్ అమ్మాయి చెప్పింది, ఆ కేక వినంగానే మా గల్లీ యాదికొచ్చి జర సేపు ఆగి, మళ్ళ లెక్క చేసిందట.

ఇక ఆమె వినేది వంటింట్లోనే కదా అని నేను లెక్కలన్నీ వంటింటివి చేశాను. ఇడ్లీ పిండిలో పప్పు ఎంత బియ్యం ఎంత, నలుగురికి ఇంత చారు అయితే తొమ్మండుగురికి ఎంత, గిన్నె ఘనపరిమాణం ఎంత అని. పిజ్జా తీసేసి అట్టు పెట్టాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. మా పిల్ల కూడా, చదివేవాళ్ళ జీవితంలోంచి ఉదాహరణలు తీయాలని పుస్తకాల్లో ఉంటుంది పిన్నీ అని మెచ్చుకుంది. ఆమె అవి విని నాలుగు రోజులు ఊరుకుని, ఐదో రోజు ఫోన్లో అనేసింది.

"పొద్దుగాల లేస్తే గదే బియ్యం, గదే పప్పు. చదువుల గూడ గవేనా అక్కా? నేను చదివేది వంటింట్లకెళ్ళి బయట పడనీకె. బయటి లెక్కలు చెప్పు."

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళూ తడిశాయి. ఆమె అడిగినట్టే బయటికి వెళ్ళాం. ఆమె భర్త కట్టిస్తున్న మెట్రో స్తంభాల మధ్య దూరం, పట్టా మలుపు తిరిగే చోట అది ఏ వృత్తంలో ఎంత భాగం, యమునలో నీళ్ళ వేగం, నీడను బట్టి కట్టడం ఎత్తు. స్తంభాల కొలతలు ఆమే భర్తను అడిగి నాకు చెప్పేది. అవి సరిచూసుకోవడానికి నేను నెట్‌లో వెతికేదాన్ని. భార్య స్తంభాల గురించి అడగడం అతనికి కొత్తగా ఉండి, రాత్రి అన్నం దగ్గర తనే చెప్పడం మొదలుపెట్టాడట.

మిగిలింది రేఖాగణితం. బొమ్మ లేకుండా దాన్ని చెవిలో ఎలా పోయాలో నాకు తోచలేదు. మాటలతో గీయించి చూశాను. ఇక్కడ ఒక చుక్క అనుకో, దాని చుట్టూ వృత్తం అనుకో అని. అనుకోవడం కుదరడం లేదంది. దారి కూడా ఆమే కనిపెట్టింది. పొద్దున్నే గడప ముందు ఎలాగూ ముగ్గు వేయాలి కదా, ఆ రోజు పాఠంలోని బొమ్మే ముగ్గుగా వేసేది. ఇంట్లోకీ బయటికీ తిరిగిన ప్రతిసారీ చూసుకునేది. ఈ కోర్సులో రేఖాగణితం మటుకు తయారు చేసింది నేను కాదు, ఆమే.

ముగ్గు సంగతి అత్తగారి కంట పడకుండా ఉంటుందా? అప్పుడు జరిగింది ఆ అమ్మాయే నాకు ఫోన్లో నటించి మరీ చెప్పింది.

"గిదేం ముగ్గే, రెక్క లేదు, పువ్వు లేదు. గుండ్రం గీసి పక్కన కట్టె పెట్టినట్టు."

"వృత్తం అత్తమ్మా. గా కట్టె స్పర్శరేఖ. ఒక్క తాననే తాకుతది, లోపలికి పోదు."

అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసిందట. "మన ఎదురింటి శర్మాజీ పెండ్లం లెక్క. గడప దాక వస్తది, లోపటికి రమ్మంటె రాదు" అని, పసుపు కుంకుమ తెచ్చి ఆ వృత్తం నడుమ తనే పెట్టిందట. ముగ్గంటూ వేశాక అవి లేకుండా ఉండకూడదని ఆమె పట్టుదల. ఆ మర్నాటి నుంచి ఇవాళేం బొమ్మ అని అడిగేదట గాని, పని మాత్రం ఒక్కటి కూడా తగ్గించలేదు.

ఇంతలో వాళ్ళ వీధి చివర పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో మనిషి కావాలన్నారు. ఆమె వెళ్ళి అడిగింది. పది పాసైన కాగితం తెస్తే పెట్టుకుంటామన్నారు. పరీక్ష అయ్యేదాకా ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు, నాకు మాత్రం చెప్పింది. ఆ రోజు నుంచి ప్రతి పాఠాన్నీ పంపేముందు రెండుసార్లు విని చూసుకునేదాన్ని.

పరీక్ష రోజు నేను ఉపవాసం ఉన్నాను. ఆమె పాస్ కావాలని అడగలేదు. తెలిసింది మరచిపోకుండా చూడు తండ్రీ అన్నాను. సాయంత్రం ఫోన్ చేసి, మెట్రో మలుపు లాంటి లెక్క వచ్చిందని, స్పర్శరేఖ రాలేదని చెప్పింది. రానందుకు అత్తగారికి కోపం వచ్చిందట.

ఫలితాలు నెట్‌లో పెట్టిన రోజు మా బావగారి కూతురు మా ఇంట్లోనే ఉంది. పేజీ సగం తెరుచుకునేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద లైటు వెలుగుతోంది గాని కంప్యూటరు దాని మీద లేదు. అలాగే కూర్చున్నాం. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. కరెంటు వచ్చి, నంబరు కొట్టాక మార్కులు కనబడ్డాయి. పాస్‌కి ఎన్ని కావాలో వాటి మీద రెండో మూడో ఎక్కువ, అంతే.

"ఇంత పెద్ద కోర్సుకి ఇవేనా పిన్నీ మార్కులు?" అని మూతి ముడుచుకుంది. చాలునే తల్లీ అన్నాను. చేతులు జోడించాను.

ఫరీదాబాద్‌కు ఫోన్ చేస్తే అప్పటికే తెలుసట. భర్త ఆఫీసులో చూసి చెప్పాడట. ఇంటర్‌కి కూడా పాఠాలు చేద్దామా అని మా పిల్ల వెనకనుంచి అడగమంటోంది. అదే అడిగాను.

"సోమారం నుంచి క్రెష్‌ల జాయినైతున్న అక్కా. అత్తమ్మ పొద్దటి వంట జేస్తనన్నది. ఇంటర్ సంగతి జర ఆగు, పాఠాలు ఇనే తీరిక ఉంటదో ఉండదో" అంది. ఆ మాట చెబుతున్నప్పుడే పక్కన ఎవరో పిలిచారు. మళ్ళ చేస్త అక్కా అని పెట్టేసింది. సోమవారం దాకా మళ్ళీ చేయలేదు. సోమవారం కూడా చేయలేదు. పనిలో ఉండి ఉంటుందనుకుని, ఆ పూట దీపం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చున్నాను.