నాయిన లేపని పొద్దు

ఈ తెల్లవారుజామున మా ఇంటి ముందు డీసీఎం వ్యాను ఆగి మూడుసార్లు హారన్ కొట్టింది. టెన్త్ దోస్తులారా, సైన్స్ ఫేర్ రోజు మన స్కూలు బస్సూ ఇక్కడే మూడుసార్లు కొట్టిందని మీరే చెప్పారు, గుర్తుందా?

సెలైన్ పైపులతో బత్తాయి తోటకు డ్రిప్ మోడల్ చేయడానికి రెండు రాత్రులు మేలుకొని, ఆ పొద్దున మొద్దునిద్ర పోయాను. నాయిన అరుగు మీద చాయ తాగుతూ బస్సును సాగనంపాడు. నేను ఏడుస్తూ లేస్తే, "నీ బడి నీది. లేపుడు నా పని కాదు బిడ్డా, గిట్లనే బుద్ధొస్తది" అన్నాడు. అరుగు మీదున్న నా మోడల్‌ను లావణ్య బస్సులో తీసుకెళ్లి, దాని గురించి తనే చెప్పింది, బహుమతీ తనే తీసుకుంది. నీ మీద కోపం లేదే లావణ్యా.

నిన్న సాయంత్రం అదే నాయిన, "నల్లమల జాతర ఏడాదికొక్కపారే. పొద్దుగాల డీసీఎం వస్తది, జర లేపు బిడ్డా" అన్నాడు. తల ఊపాను.

"పెద్దాయన ఏడి?" అన్నాడు డ్రైవర్.

"పండుకున్నడు. మీరు పోండ్రి" అన్నాను, అదే అరుగు మీద చాయ తాగుతూ.

ఎండెక్కాక నాయిన బయటికొచ్చి ఖాళీ రోడ్డు చూశాడు. "లేపకపోతివి గదా బిడ్డా!"

"నీ జాతర నీది నాయినా" అంటూ, చల్లారిపోయిన ఆయన చాయ గ్లాసు చేతిలో పెట్టాను.