సిరా దిగిన పళ్ళు

యుద్ధకాలంలో నేను చిక్కపేటలో ఒక పళ్ళ డాక్టరుగారి దగ్గర సహాయకుడిగా ఉండేవాణ్ణి. పుచ్చిన పంటి వేరులోంచి నరం తీసి, ఆ సన్నటి దారిలో గట్టాపెర్చా అనే రబ్బరు పుల్ల దించి, చుట్టూ జింకుపొడి, లవంగనూనె కలిపిన ముద్దతో మూసేవారు. ముద్ద కలిపేది నేను. వెంట్రుకంత సందు మిగిలినా నోటిలోని క్రిములు దిగి వేరు కొసన చీము పడుతుందని ఆయన పదేపదే చెప్పేవారు.

సీమ నుంచి ఓడల్లో వచ్చే పొడి ఆగిపోవడంతో, పేటలో దొరికిన పొడి తెప్పించారు. పరీక్షించనిదే ఎవరికీ వాడకూడదన్నారు. పీకిన పళ్ళు మూడింటిని ఆ ముద్దతో నింపి నీలిసిరాలో వేశాను. ఏడు రోజులు ఉంచి, చీల్చి చూడాలి. సిరా దిగినంత మేర క్రిములకూ దారి ఉన్నట్టే.

అయిదో రోజున మా అక్క వచ్చింది. ఆమె బడిలో పంతులమ్మ. పుచ్చింది పైవరుస ముందు పన్ను. అది పోతే పిల్లల ముందు నోరు తెరిచేదెలాగని ఆమె బెంగ. శుభ్రం చేయడం అంతకుముందే అయింది, ఆ రోజు మూయాలి. సిరా సీసా చూసి డాక్టరుగారితో అంది:

"వీడు తుమ్మల్లన్నా గడియారం చూస్తాడు సార్. వీడు కలిపిన ముద్ద యాడికీ పోదు."

కలపబోతే పాత పొడి చాలలేదు. ఆ మాట చెబితే అక్క మళ్ళీ సెలవు పెట్టి రావాలి. సిరాలోని పన్ను ఒకటి అప్పుడే చీల్చి చూడవచ్చు; ఏడు రోజులని రాసుకున్నాక ముందే తీయడానికి నాకు మనసొప్పలేదు. చెప్పకుండా కొత్త పొడి కలిపాను.

ఏడో రోజున చీల్చితే మూడింటిలోనూ సిరా వేరు కొసదాకా దిగి ఉంది. డాక్టరుగారు ఆ పొడి పారేయించారు. ఆ రోజే చెప్పి ఉంటే అక్క పన్ను తెరిచి మళ్ళీ మూసేవారు. ఆమెకు నొప్పి లేదు కదా అనుకున్నాను. డైరీలో మూడు పళ్ళ సంగతి రాశాను. నాలుగోది రాయలేదు.

కొన్ని నెలలకు అక్కకు ఆ పంటి చిగురు వాచింది. పన్ను నిలవలేదు. ఎందుకిలా అయిందో డాక్టరుగారికి అంతుపట్టలేదు. పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

వీధిలోకి వచ్చాక అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది:

"పోతే పోనీలేప్పా. నీ తప్పేముండాది? నీ చేతనైంది నువ్వు చేస్తివి."

జట్కా పిలవనా అని అడిగాను.