కొండలు దాటిన డబ్బా ఇల్లు

ట్రాలీని ముందుకు ఎవడైనా లాగుతాడు. వెనక్కి తోలినవాడే డ్రైవర్. నిజామాబాద్ జిల్లాలో, చెరకు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో నేర్చుకున్న విద్య ఇది. స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. ఈ ఒక్క ముక్క నా చేతులకు ఎక్కేసరికి రెండు సీజన్లు గడిచాయి, ఎవరిదో ఒక గోడ కూలింది. అందుకే షార్జాలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, దేశం విడిచిపోతున్న ఓ తెల్లదొర దగ్గర కారవాన్ కొని ఇంటి ముందు నిలబెట్టి, దీన్ని లాగగలవా అని అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. చెరకు లేని ట్రాలీ, పైగా పరుపులున్నది. అదేం పని?

ఎనభైల మొదట్లో మాట ఇది. కారవాన్ అంటే రెండు చక్రాల మీద నిలబడ్డ తెల్లటి డబ్బా ఇల్లు. లోపల రెండు పక్కలా రెండు పడకలు, చిన్న గ్యాస్ పొయ్యి, కిటికీలకు పూల పరదాలు. పిల్లలతో సముద్రం ఒడ్డున సరదాగా గడపడానికి కొన్నాడేమో అనుకున్నాను. కాదు, తల్లి కోసం కొన్నాడు.

ఆమెను మేం పెద్దమ్మ అనేవాళ్లం. మేం అంటే నేనూ, ఆమెను కనిపెట్టుకుని ఉండే గోదావరి జిల్లా అక్కా. పెద్దమ్మ పుట్టిల్లు ఫుజైరా దగ్గర, కొండలకూ సముద్రానికీ మధ్య ఖర్జూరపు తోటల ఊరు. అక్కడ ఆమెకు ఒక్కగానొక్క చెల్లెలు. రోడ్డు లేని రోజుల్లో వాగుల వెంట గాడిద మీద కూడా వెళ్లి చెల్లెల్ని చూసొచ్చిన మనిషి, తారు రోడ్డు పడ్డాక వెళ్లలేకపోయింది. తుంటి ఎముక విరిగి, అతుక్కుంది గానీ, కూర్చోవడం మాత్రం పోయింది. పడుకోవాలి, లేదంటే ఇద్దరి భుజాలు పట్టుకుని నిలబడాలి. చెల్లెలు మంచం పట్టిందనీ, ఇక ఎన్నాళ్లో ఉండదనీ కబురొచ్చింది. ఆ రోజు నుంచి పెద్దమ్మ మా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పడుకుని ప్రయాణం చేసే దారి కొడుక్కి ఈ డబ్బాలో కనిపించింది.

ఆయన పని తెముల్చుకుని తర్వాత వస్తానన్నాడు. నాకు ఒకే షరతు పెట్టాడు. దారిలో ఏ కాస్త తేడా వచ్చినా వెనక్కి తిప్పెయ్యాలి. అక్కడి మర్యాద ప్రకారం కంటి మీద వేలు పెట్టి సరేనన్నాను. అలా వెనక లాక్కెళ్లే బండిలో మనుషులు కూర్చోకూడదని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆమెను పడుకోబెట్టడానికి మాకు ఇంకో చోటు లేదు.

కఫీల్ జీపు వెనక కొక్కేనికి కారవాన్ తగిలించి, వాళ్లిద్దర్నీ అందులో ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరాం. ధైద్ దాకా ఇసుక, ఆ తర్వాత అంతా రాయి. పచ్చి గడ్డి పరక లేని కొండలు, వాటి మధ్య మెలికలు తిరిగే రోడ్డు, ఎదురుగా కంకర లారీలు. ఎక్కుడులో జీపు ఏనుగులా నడిచింది. వేడి ముల్లు పైకి జరిగినప్పుడల్లా పక్కకు ఆపి ఇంజన్‌ని చల్లబరిచి, మళ్లీ రెండో గేర్లో లాగాను. పాట కూడా పాడానేమో. మసాఫీ దాటాక దిగుడు మొదలైంది.

రెండు మలుపులు దిగానో లేదో, వెనక నుంచి ఎవరో జీపును పట్టి కుదిపినట్టయింది. అద్దంలో చూస్తే కారవాన్ అటూ ఇటూ తోక ఊపుతోంది. ఒక ఊపు కంటే ఇంకో ఊపు పెద్దది. ఎడమ పక్క లోయ, ఎదురుగా లారీ. కాలు బ్రేకు మీదకి పోబోయింది. పోనివ్వలేదు. అలాంటప్పుడు గట్టిగా తొక్కితే వెనకది వచ్చి ముందుదాన్ని తోసేస్తుందని చెరకు ట్రాలీ నేర్పిన పాఠం. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లారీ దాటిపోయింది. ఊపు సన్నగిల్లింది. కాస్త వెడల్పు దొరికిన చోట ఆపి, దిగి, కారవాన్ తలుపు తీశాను.

బయల్దేరేటప్పుడు నేను ముందు భాగంలో సర్దిన బియ్యం బస్తా, నీళ్ల డబ్బాలు, పళ్ల పెట్టెలు, అన్నీ వెనక గోడకు చేరి ఉన్నాయి. వాటి మీద అక్క కూర్చుని ఉంది, గొప్ప పని చేసిన ముఖంతో.

"ఏందక్కా ఇది? అన్నీ ఎనుకకెందుకు జరిపినవ్?"

"దిగుడొచ్చింది కదయ్యా. మా వైపు ఏటిగట్టు దిగేటప్పుడు బండిలో ఉన్నోళ్లందరం వెనక్కి జరుగుతాం, ఎడ్ల మెడ మీద బరువు పడకుండా. నీ జీపుకి సాయం చేద్దామనే."

"జీపుకు మెడ నొయ్యదక్కా. దీనికి కొక్కెం మీద బరువుండాలె. లేకుంటే గిట్లనే ఊగుతది."

"ఆ ముక్క షార్జాలోనే చెప్పొచ్చుగా. మేం ఇందాకట్నించీ దేవుడికి దణ్ణాలు పెడతన్నాం ఇక్కడ."

కోపం రావాల్సింది, రాలేదు. నేనూ బండ్లెక్కిన ఊరివాణ్ణే, దిగుడులో వెనక్కి జరిగినవాణ్ణే. ఇద్దరం కలిసి సామానంతా మళ్లీ ముందుకు చేరవేశాం. పడక మీద నుంచి పెద్దమ్మ మమ్మల్ని చూస్తూ ఉంది. నా చొక్కా పట్టుకుని, "ఖలాస్?" అని అడిగింది. వెనక్కి తిప్పేస్తున్నావా అని ఆ మాటకు అర్థం. కొడుకు పెట్టిన షరతు ఆమెకూ తెలుసు.

తేడా వచ్చిన మాట నిజం. కానీ సరిచేశాను కూడా. సరిచేసిన దానికి భయపడి వెనక్కి తిరిగితే నేను డ్రైవర్ని కాను. ఇంకోసారి ఈ కొండలు ఎక్కేదాకా ఆ చెల్లెలు ఆగుతుందన్న నమ్మకం లేదు. "లా, పెద్దమ్మా," అన్నాను. "యల్లా ఫుజైరా." లేదు, ఫుజైరాకే పోదాం పద అని. ఆమె నా చొక్కా వదిలింది. మొదటి గేర్లో, నడిచే మనిషి వేగంతో కొండ దిగాను. వెనక హారన్లు కొట్టిన లారీలవాళ్లు నన్నూ మా వంశాన్నీ ఏమేం అన్నారో వినలేదు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. చెల్లెలి ఇల్లు రెండు తోట గోడల మధ్య సందు చివర ఉంది. లోపల బండి తిప్పే జాగా లేదు. పెద్దమ్మను దుప్పట్లో వేసి మోసుకొస్తామని చెల్లెలి కొడుకులు అన్నారు. ఒకసారి అలా మోసినప్పుడు ఆమె పెట్టిన కేకలు అక్క ఇంకా మరిచిపోలేదు, ఒప్పుకోలేదు. నేను మీసం తడుముకుని, కారవాన్‌ను వెనక్కి తోలడం మొదలుపెట్టాను. గోడకు గీత పడకుండా ఆ సందంతా వెనక్కే వెళ్లి, ఇంటి గుమ్మం ముందు ఆపాను. చెల్లెలి కొడుకులు చప్పట్లు కొట్టారు.

దిగి చూస్తే కారవాన్ తలుపున్న పక్క గోడ జానెడు దూరంలో ఉంది. తలుపు తెరుచుకోదు. అంత విద్య చూపించినవాడికి తలుపు ఏ పక్కనుందో గుర్తులేదు.

"ఒక్క నిమిషం. ముందుకు తీసి జర జరుపుత," అని అరిచి జీపెక్కాను. అద్దంలో చూస్తే, గుమ్మంలోంచి నలుగురు ఓ నవారు మంచం ఎత్తుకొస్తున్నారు. మంచం మీద ఎండిపోయిన చిన్న మనిషి. కారవాన్‌కు తలుపు లేని పక్కన చివరి కిటికీ పైకి లేచింది. అందులోంచి పెద్దమ్మ చెయ్యి బయటికొచ్చింది. మంచాన్ని ఛాతీల దాకా ఎత్తి కిటికీకి ఆనించారు. చెల్లెలు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ముఖానికి హత్తుకుంది. ఏదో అంటోంది. పెద్దమ్మ కూడా అంటోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. వెంటనే పక్క కిటికీలోంచి అక్క తల బయటపెట్టింది.

"ఆపు తమ్ముడూ. బండి కదిలితే చెయ్యి వదలాలి. వదల్డంలేదు ఇద్దరూ."

"మరి నువ్వు బయటికెట్లొస్తవ్?"

"నేనెక్కడికీ రాను. ఆపు."

ఆపాను. మంచం కిందికి డ్రమ్ములు దొర్లించుకొచ్చేదాకా ఆ నలుగురూ దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డారు. నేను జీపులోనే కూర్చుని ఏడ్చాను. చీకటి పడేదాకా ఆ తలుపు తెరవలేదు.